తగ్గిన బరువు సగానికి పైగా తిరిగొచ్చింది: మొదటి వారం మీరేం చేశారో చెప్పండి

కొత్తచిగురు:
అందరికీ నమస్కారం. చాన్నాళ్ళుగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. కిందటేడాది నిదానంగా తొమ్మిది కిలోలు తగ్గాను. ఆ తర్వాత అమ్మకి ఆపరేషన్, ఆసుపత్రిలో నేనే తోడుండటం, అది ముగిసిందో లేదో ఆఫీసులో రాత్రి షిఫ్టు. ఇప్పుడు ఆ తొమ్మిదిలో సగానికి పైగా మళ్ళీ ఒంటికి పట్టేసింది.

వచ్చిన తీరు చూస్తేనే ఒళ్ళు మండుతోంది. ఒక సాయంత్రం హద్దు దాటి తింటాను. "ఇవాళ్టికి పోయిందిలే" అనుకుంటాను. మర్నాటికి అది "ఈ వారం పోయిందిలే" అవుతుంది. ఆ పైన "ఒకటో తారీఖు నుంచి గట్టిగా చూద్దాం". ఒకటో తారీఖులు వస్తున్నాయి, వెళ్తున్నాయి.

డైట్ చార్టులు మాత్రం వద్దండీ, నా దగ్గర అరడజను మూలుగుతున్నాయి. ఇలా జారిపోయి మళ్ళీ నిలదొక్కుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, మొదటి వారంలో అసలేం చేశారో చెప్పండి చాలు.

మెట్లెక్కేమనిషి:
రండి రండి. ఒక్క ప్రశ్న. బరువు చూసుకోవడం ఎప్పుడు మానేశారు?

కొత్తచిగురు:
ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన మర్నాడు మెషిన్ ఎక్కితే రెండు కిలోలు ఎక్కువ చూపించింది. అంతే, దాన్ని మంచం కిందకి తోసేశాను. ఫోన్లో యాప్ కూడా తీసేశాను. తర్వాత ఎక్కింది మొన్ననే.

మెట్లెక్కేమనిషి:
అనుకున్నా. నాదీ అదే కథ. నా బరువు పెరిగిందంతా మెషిన్ మంచం కింద ఉన్న కాలంలోనే.

లెక్కలమాస్టారు:
ఆ రెండు కిలోల సంగతి కాస్త విడమరచి చెప్పాలి. చాలామంది సరిగ్గా అక్కడే చేతులెత్తేస్తారు.

కిలో కొవ్వు అంటే సుమారు 7,700 కేలరీలు. ఇది మోటు లెక్కే, నెలల తరబడి పెట్టుకునే అంచనాలకు పనికిరాదు, కానీ మూడు నాలుగు రోజుల వ్యవహారానికి చాలు. రెండు కిలోల కొవ్వు చేరాలంటే మీ ఒంటి ఖర్చు పోను ఇంకో 15,000 కేలరీలు అదనంగా తిని ఉండాలి. ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని ఎవరూ అంత తినలేరు.

మరి ఆ బరువు ఏమిటి? మనం తిన్న పిండి పదార్థాల్లో కొంత గ్లైకోజెన్ రూపంలో కాలేయంలో, కండరాల్లో నిలవుంటుంది. ఒక్కో గ్రాము తనతో పాటు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. డైట్‌లో ఉన్నప్పుడు ఈ నిల్వ తగ్గి ఉంటుంది, మామూలు తిండిలోకి రాగానే నిండుతుంది, నీళ్ళూ వెంట వస్తాయి. పైగా బయటి తిండిలో ఉప్పెక్కువ, అదీ నీటిని ఆపుతుంది. ఆడవాళ్ళకు నెలసరి ముందు రోజుల్లో వచ్చే తేడా వేరే. మళ్ళీ మామూలు తిండికి వచ్చిన వారంలో ఇందులో చాలా భాగం దానంతట అదే దిగిపోతుంది.

అంటే ఆ రోజు మీకు కనిపించినదాంట్లో ఎక్కువ భాగం నీరు. అసలు కొవ్వు వచ్చింది ఆ తర్వాతి నెలల్లో.

ఉక్కుసంకల్పం:
ఇవన్నీ వినడానికి బాగుంటాయి. నీళ్ళు, హార్మోన్లు, షిఫ్టులు... ఎన్ని పేర్లు పెట్టినా తిన్నది మనమే కదా? నేను మొదలుపెట్టినప్పుడు ఒకటే రూల్ పెట్టుకున్నా: ఒక్కసారి కూడా తప్పకూడదు. చీట్ మీల్ లేదు, "ఇవాళొక్కరోజే" లేదు. రెండేళ్ళు దాటింది, బరువు కదల్లేదు. అలుసిచ్చుకుంటే ఇలాగే ఉంటుంది, ఏమీ అనుకోకండి.

గాలిపటం:
అన్నా, మొదటి పోస్టు పెట్టిన మనిషి మీద అప్పుడే పడ్డావా 😀

వాణీవాక్కు:
ఉక్కు గారూ, "ఒక్కసారి కూడా తప్పకూడదు" అన్న మాటకే ఒక చిక్కుంది. మనిషి ఎప్పుడో ఒకప్పుడు తప్పుతాడు. తప్పాక ఏం జరుగుతుందన్నది అసలు విషయం.

దీని మీద 1975లో హెర్మన్, మాక్ అనే ఇద్దరు ఒక ప్రయోగం చేశారు. కాలేజీ అమ్మాయిల్ని పిలిచి, రుచి పరీక్ష అని చెప్పి, కొందరికి ముందు మిల్క్‌షేక్ ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు. తర్వాత ఐస్‌క్రీములు ముందు పెట్టి, రుచి చూసి మార్కులెయ్యండి, కావలసినంత తినండి అన్నారు. తిండి విషయంలో ఏ పట్టింపూ లేనివాళ్ళు మిల్క్‌షేక్ తాగాక ఐస్‌క్రీము తక్కువ తిన్నారు. కడుపు నిండింది కాబట్టి అది సహజం. నిత్యం నోరు కట్టేసుకునేవాళ్ళు మాత్రం మిల్క్‌షేక్ తాగాకే ఎక్కువ తిన్నారు! తాగనిచోట బుద్ధిగా ఆగారు. గీత దాటేశామని మనసుకి అనిపించగానే ఇక ఆ గీతకి విలువ లేకుండా పోయింది.

ఒక చెప్పు తెగిందని రెండో చెప్పు కూడా విసిరేసి ముళ్ళలో నడిచినట్టు ఉంటుంది మన వ్యవహారం. కొత్తచిగురు గారు రాసిన "ఇవాళ్టికి పోయింది, వారానికి పోయింది" అచ్చంగా ఇదే.

ఉక్కుసంకల్పం:
ప్రయోగశాలలో ఒక పూట జరిగింది వేరు, జీవితం వేరు. నాకు తీపి ఒక్కటి నోట్లో పడితే డబ్బా ఖాళీ అయ్యేదాకా ఆగదు, అది నాకు తెలుసు. అందుకే మొదటిది ముట్టను. అందరికీ నా పద్ధతే అని కూడా అనను... సరే, పైన కొంచెం అన్నాను, ఒప్పుకుంటా.

వాణీవాక్కు:
ఒక పదార్థాన్ని దూరం పెట్టడం మీకు పనిచేస్తే దాన్ని ఎవరూ కాదనరు. నేనంటున్నది మొత్తం తిండి మీద అలాంటి గీత గీసుకోవడం గురించి.

పథ్యంమాట:
నేను పోషకాహార సలహాలిచ్చే పనిలో ఉన్నాను. బరువు మళ్ళీ పెరిగిందని వచ్చేవాళ్ళని మొదట "ఏం తిన్నారు" అని అడగను. చాలామందికి అది నిలదీసినట్టు ఉంటుంది, సగం దాస్తారు. "హద్దు దాటిన రోజుకి ముందు రెండు మూడు రోజులు ఎలా గడిచాయి" అని అడుగుతాను. ఎన్ని గంటలు పడుకున్నారు, మధ్యాహ్నం ఎన్నింటికి తిన్నారు, రెండు భోజనాల మధ్య ఎంత ఎడం వచ్చింది, ఎవరితో ఏం గొడవైంది. కారణం చాలాసార్లు ఆ రోజుల్లోనే ఉంటుంది.

రాత్రి షిఫ్టు అన్నారు కాబట్టి నిద్ర గురించి ఒక్క మాట. 2004లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న 12 మంది కుర్రాళ్ళని రెండేసి రాత్రుల చొప్పున ఒకసారి నాలుగు గంటలు, మరోసారి పది గంటలు మంచం మీద ఉండనిచ్చారు. నిద్ర తగ్గినప్పుడు కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ 18 శాతం తగ్గింది, ఆకలి పుట్టించే గ్రెలిన్ 28 శాతం పెరిగింది. పన్నెండు మందే కాబట్టి అంకెల్ని శాసనంలా తీసుకోవద్దు. కానీ షిఫ్టు దిగొచ్చి వంటింట్లో నిలబడ్డ మనిషి ఆకలికి ఒంటి వైపు నుంచి కూడా కారణం ఉంటుందని గుర్తుంచుకోండి.

ఇంకొకటి: తమను తాము తిట్టుకుంటే అదుపులోకి వస్తామని చాలామంది నమ్మకం. 2007లో ఆడమ్స్, లియరీ అన్న పరిశోధకులు దీన్ని పరీక్షించారు. ముందు అందరిచేతా ఒక తీపి తినిపించారు. కొందరితో "ఇది అందరూ తినేదే, దీనికి మిమ్మల్ని మీరు నిందించుకోకండి" అని మాటవరసకి చెప్పారు. తర్వాత మిఠాయిలు ముందు పెడితే, తిండి మీద పట్టింపు ఉన్నవాళ్ళలో ఆ మాట విన్నవాళ్ళే తక్కువ తిన్నారు.

డాక్టర్ దగ్గరకి వెళ్ళాల్సిన సందర్భాలు కూడా చెప్పేస్తాను: తిండిలో మార్పేమీ లేకుండా బరువు పెరుగుతుంటే, విపరీతమైన నీరసం, చలి అనిపిస్తుంటే, కొత్తగా మందులేవైనా మొదలయ్యాక పెరిగితే (స్టెరాయిడ్లు, ఇన్సులిన్, కొన్ని మానసిక వైద్య మందులు). ఎవరూ చూడకుండా ఆగకుండా తినడం, తర్వాత వాంతి చేసుకోవడం లేదా రోజంతా పస్తుండటం లాంటివి ఉంటే డైట్ సంగతి పక్కనపెట్టి ముందు వైద్యుణ్ణి కలవండి. సిగ్గుపడాల్సిన పని లేదు.

గాలిపటం:
నా ముక్క కూడా వేస్తాను. నేను పరుగుతో తగ్గాను. మోకాలు పట్టేసింది, డాక్టర్ పరుగు ఆపమన్నాడు. పరుగు ఆగింది గానీ పరిగెత్తేవాడి తిండి ఆగలేదు 😀 ప్లేటు అలవాటుగా అంతే నిండేది. నాలుగు నెలలకి ప్యాంట్లు చెప్పాయి.

దాంట్లోంచి నాకు తెలిసింది ఏంటంటే, నేను పరుగుకి వేసుకున్న కేలరీలూ తప్పే, తిండికి వేసుకున్నవీ తప్పే. వాచీ ఎంత చెబితే అంత నమ్మేవాణ్ణి. మోకాలు నయమయ్యాక కూడా ఇప్పుడు వ్యాయామం కేలరీలు లెక్కలోకే తీసుకోను. చేస్తే చేశాను, అంతే.

లెక్కలమాస్టారు:
దీనికి పేరున్న ఆధారమే ఉంది గాలిపటం. 1992లో "మేం ఎంత తక్కువ తిన్నా తగ్గట్లేదు" అనే పది మందిని ఒక అమెరికన్ బృందం కచ్చితమైన పద్ధతులతో కొలిచింది. వాళ్ళు తిన్నదాన్ని సగటున 47 శాతం తక్కువగా చెప్పారు, చేసిన శ్రమని 51 శాతం ఎక్కువగా చెప్పారు. వాళ్ళ జీవక్రియలో లోపమేమీ కనిపించలేదు. అబద్ధాలాడారని దీనర్థం కాదు. వండుతూ రుచి చూసింది, పిల్లల ప్లేట్లో మిగిలింది, ఇవి ఎవరి లెక్కలోకీ రావు మరి.

పాతకాపు:
నేను తగ్గించి, పెంచుకుని, మళ్ళీ తగ్గించి చాలా ఏళ్ళయింది. అమ్మా కొత్తచిగురూ, నువ్వు అడిగింది మొదటి వారం గురించి. దానికన్నా ముందు ఒకటి తెలుసుకుంటే మనసు కుదుటపడుతుంది.

తగ్గిన ఒళ్ళు తిరిగి పాత బరువుకి పోవడానికి ప్రయత్నిస్తుంది. 2011లో ఆస్ట్రేలియా వాళ్ళ అధ్యయనం ఒకటి వచ్చింది. 50 మందికి పది వారాలు చాలా తక్కువ కేలరీల ఆహారం ఇచ్చి బరువు తగ్గించారు. ఏడాది తర్వాత చూసినా ఆకలి హార్మోన్లు పాత స్థితికి రాలేదు, ఆకలి మొదటికన్నా ఎక్కువగానే ఉంది. 2016లో, అమెరికా టీవీలో బరువు తగ్గే పోటీలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ళ తర్వాత పరీక్షించారు. సగటున 58 కిలోలు తగ్గినవాళ్ళు 41 కిలోలు తిరిగి పెరిగారు. విశ్రాంతిలో వాళ్ళ ఒళ్ళు ఖర్చుచేసే కేలరీలు ఆ బరువుకి ఉండాల్సినదానికన్నా రోజుకి 500 దాకా తక్కువ. అంటే మనం ఎదురీదుతున్నాం. అప్పుడప్పుడు వెనక్కి కొట్టుకుపోవడం లెక్కలో భాగమే.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన సంగతి చెబుతాను. వింగ్, జెఫ్రీ అని ఇద్దరు పరిశోధకులకి, జనం డైట్ ఎలా వదిలేస్తారో దగ్గరుండి చూడాలనిపించింది. అందుకని తమ కార్యక్రమంలో ఉన్నవాళ్ళని కావాలని ఆపించారు. ఒక గుంపుకి వరుసగా ఆరు వారాలు సెలవు. ఇంకో గుంపుకి రెండేసి వారాల చొప్పున మూడు సెలవులు. ఇక వీళ్ళు గాడి తప్పుతారు, ఎలా తప్పుతారో రాసుకుందాం అని ఆ పరిశోధకుల ఆలోచన. 2003లో ఫలితాలు అచ్చయ్యాయి. సెలవుల్లో తగ్గడం ఆగింది, నిజమే. కానీ సెలవు అయిపోగానే అందరూ తిరిగొచ్చి మళ్ళీ మొదలుపెట్టారు! చివరికి సెలవు తీసుకోనివాళ్ళకీ వీళ్ళకీ బరువులో చెప్పుకోదగ్గ తేడా లేదు. గాడి తప్పించాలని చూసినా తప్పలేదన్నమాట.

నీ ఆసుపత్రి వారాలకీ వాళ్ళ సెలవులకీ ఒక్కటే తేడా. వాళ్ళకి తిరిగి వచ్చే తేదీ ముందే ఉంది. "మేం ఓడిపోయాం" అని వాళ్ళెవరూ అనుకోలేదు. అప్పట్నుంచి నేను ప్రయాణానికి బయల్దేరే ముందే తిరిగొచ్చాక బరువు చూసుకునే రోజు క్యాలెండర్‌లో రాసి వెళ్తాను. ఎంత చూపించినా సరే, ఆ రోజు ఎక్కుతాను.

సూదిమందు_సందేహం:
మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. నేను వారానికోసారి వేసుకునే ఇంజెక్షన్‌తో తగ్గాను. ఆపాక మళ్ళీ పెరుగుతున్నాను. నాలోనే ఏదో లోపం ఉందనిపిస్తోంది.

పథ్యంమాట:
మీలో లోపం కాదండీ. సెమాగ్లూటైడ్ అని వారానికోసారి వేసుకునే ఇలాంటి ఇంజెక్షనే ఒకటుంది. దాని మీద జరిగిన పెద్ద పరీక్షకి కొనసాగింపుగా, మందు ఆపినవాళ్ళని ఏడాది గమనించి 2022లో వివరాలు ప్రచురించారు. తగ్గిన బరువులో సగటున మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. మందు ఉన్నంతకాలం ఆకలిని అది పట్టి ఉంచుతుంది, ఆపితే ఆకలి తిరిగొస్తుంది. కొనసాగించాలా, ఎలా ఆపాలి అన్నది మందు రాసిచ్చిన డాక్టర్‌తోనే మాట్లాడండి.

నిర్వాహకులు:
మందుల మోతాదుల గురించి ఇక్కడ చర్చించవద్దని మనవి. పై సమాధానంతో ఆ విషయం ఆపేద్దాం. కావాలంటే వేరే చర్చ తెరవండి.

కొత్తచిగురు:
ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. పథ్యంమాట గారు చెప్పారని యాప్‌లో పాత ఖాతా తెరిచి చూశాను, రాసుకున్నవన్నీ అలాగే ఉన్నాయి. ఆసుపత్రి వారాల్లో చెడిపోయానని ఇన్నాళ్ళూ నమ్మాను కదా? అంతకు ముందు నెలే చెడింది!

పుట్టినరోజు లోపల పదో కిలో కూడా తగ్గించాలని పట్టుబట్టాను. ఆ నెలలో రాత్రి భోజనం గడి వరుసగా ఖాళీ. ఉదయం కాఫీ, మధ్యాహ్నం అరకొర, రాత్రి ఏమీ లేదు. రెండు వారాలు అలా గడిచాక ఒక గురువారం దగ్గర రాత్రి పదకొండున్నరకి ఎంట్రీ: "డబ్బాలో ఉన్నవి, ఎన్నో తెలీదు". ఆ పైన శుక్రవారం ఏమీ లేదు, శనివారం మళ్ళీ "తెలీదు". అమ్మ ఆసుపత్రిలో చేరింది ఆ తర్వాత. షిఫ్టు మొదలయ్యాక అయితే రోజూ ఒకటే చోటు: ఇంటికొచ్చి చెప్పులు విప్పీ విప్పకుండానే, ఫ్రిజ్ తలుపు పట్టుకుని, నిలబడే తినేదాన్ని. అవి యాప్‌లో ఎప్పుడూ రాయలేదు. అప్పటికి దాన్ని తీసేశాను కదా.

లెక్కలమాస్టారు:
శభాష్. ఈ ఎంట్రీలు చూస్తే కారణం కళ్ళకి కట్టినట్టు ఉంది. పదో కిలో తొందరే తొమ్మిది కిలోలకి ఎసరు పెట్టింది.

ఉక్కుసంకల్పం:
ఇదొక్కటి నాకు కొత్త విషయం. గట్టిగా పట్టడం వల్ల పట్టు జారుతుందని ఎవరైనా అంటే నమ్మేవాణ్ణి కాదు. తేదీ పెట్టుకోవడం తప్పంటారా అయితే?

పథ్యంమాట:
తేదీ ఫర్వాలేదు. ఆ తేదీని అందుకోవడానికి తిండిని ఎంత కోస్తున్నాం అన్నది చూసుకోవాలి. 1944-45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకి దాదాపు ఆరు నెలలు సగం తిండి పెట్టి గమనించారు. వాళ్ళకి లోకంలో తిండి తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది. వంటల పుస్తకాలు చదువుతూ కూర్చున్నవాళ్ళున్నారు. ఆంక్షలు ఎత్తేశాక కొందరు ఎంత తిన్నా ఆకలి తీరక అల్లాడారు. ఆ ప్రయోగంలో చేరింది దృఢమైన మనుషులే, సంకల్పం లేక అలా అయిపోలేదు.

ఇక మొదటి వారం సంగతి. కొత్తచిగురు గారూ, ఈ వారం బరువు తగ్గించే పని పెట్టుకోకండి. రోజుకి మూడు పూటలా వేళకి కూర్చుని తినండి. షిఫ్టు దిగే ముందు ఆఫీసులోనే, ప్రోటీన్ ఉన్న చిన్న భోజనం చేయండి. ఫ్రిజ్ దగ్గరికి ఆకలితో వెళ్ళకుండా ఉండటమే ఈ వారం పని. హద్దు దాటినా తర్వాతి పూట మానకండి, మామూలుగానే తినండి. పస్తుతో సరిచేద్దామనుకుంటే మళ్ళీ ఆ గురువారం దగ్గరికే వస్తారు.

వాణీవాక్కు:
దీనికి తోడు ఒకటి. అలవాట్లు ఎలా పడతాయో లండన్‌లో 96 మంది మీద గమనించి 2010లో ప్రచురించారు. ఒక పని అప్రయత్నంగా చేసే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 దాకా తేడా ఉంది. మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన అలవాటు పడటానికి చెప్పుకోదగ్గ నష్టం జరగలేదు. "21 రోజుల్లో అలవాటు" అని తిరిగే మెసేజీలు చూసి కంగారుపడకండి.

మెట్లెక్కేమనిషి:
మెషిన్ మాట మరిచారు అందరూ. 1994 నుంచి అమెరికాలో నడుస్తున్న ఒక జాబితా ఉంది. 13.6 కిలోలకు తక్కువ కాకుండా తగ్గి, కనీసం ఏడాది నిలుపుకున్నవాళ్ళు దాంట్లో చేరతారు. వాళ్ళలో 75 శాతం మంది వారానికి ఒక్కసారైనా బరువు చూసుకుంటారు. గెలిచినవాళ్ళే చేరే జాబితా కాబట్టి చూసుకోవడం వల్లే నిలిచిందని చెప్పలేం. నాకైతే పనిచేసింది. రోజూ చూస్తాను, ఏ రోజు అంకెనీ పట్టించుకోను, వారం సగటు మాత్రం రాసుకుంటాను. సగటు రెండు కిలోలకి మించి పెరిగితే అప్పుడు ఏం మారిందా అని వెతుకుతాను.

పాతకాపు:
రోజూ చూస్తే మనసు పాడయ్యేవాళ్ళు కూడా ఉన్నారు నాయనా. వాళ్ళు నడుం పట్టీ మీద చూసుకోవచ్చు. ఏదో ఒకటి మాత్రం ఉండాలి.

కొత్తచిగురు:
సరే, ఇవాళ్టి నుంచి మొదలు. ఒకటో తారీఖు కూడా కాదు 😊 షిఫ్టు భోజనం డబ్బా సర్దుకున్నాను. మెషిన్ బయటికి తీశాను. కానీ పది నిమిషాల్లో మూడుసార్లు ఎక్కితే మూడు రకాలుగా చూపిస్తోంది, కిలో పైనే తేడా. పాడైందంటారా?

లెక్కలమాస్టారు:
ఎక్కడ పెట్టారు? కార్పెట్ మీదా?

కొత్తచిగురు:
మంచం పక్కన పరుపు చాప ఉంటే దాని మీద.

లెక్కలమాస్టారు:
గట్టి నేల మీద పెట్టి, నాలుగు కాళ్ళూ ఆనాయో లేదో చూడండి. బ్యాటరీ మార్చండి. అప్పటికీ తేడా వస్తే కొత్తది కొనాల్సిందే. పొద్దున్నే బాత్రూమ్‌కి వెళ్ళొచ్చాక, ఏమీ తినకముందు ఎక్కండి. షిఫ్టు వాళ్ళకి పొద్దున అంటే నిద్ర లేచిన వేళ అని లెక్క.